మొఘల్-ఎ-ఆజం: ఒక చిత్రము, పదునాఱు సంవత్సరములు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాస పాఠము)



గ్రంథాలయ సభలో చలనచిత్రమును గూర్చిన ప్రసంగ మెందులకని కొందఱికి సందేహము కలుగవచ్చును. పుస్తకమును చలనచిత్రమును రెండును కథ చెప్పునవే. అయినను పుస్తకము వ్రాయువానికి కాగితము, కలము, కొంత తీరిక యున్న చాలును. చిత్రము తీయువానికో ధనము కావలెను, వందలకొలది మనుష్యుల శ్రమ కావలెను, కాలము కూడ కలిసిరావలెను. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినను పని నడుమ నిలిచిపోవును. ఒక నాటకగ్రంథమును చదివి, దానిని తెరపై నిలుపవలెనని సంకల్పించిన యువకునికి ఆ సంకల్పము నెఱవేఱుటకు పదునాఱు సంవత్సరములు పట్టినది. ఆ నడుమ ఒక దేశము రెండు దేశములైనది. ఆ చిత్రము పేరు ‘మొఘల్-ఎ-ఆజం’. మొగలులలో మహనీయుడని యర్థము. ఒక పుస్తకము నుండి పుట్టిన వృత్తాంతము గనుక గ్రంథాలయమున చెప్పుకొనదగినదే.

లాహోరు నివాసియగు ఇంతియాజ్ అలీ తాజ్ అను ఉర్దూ రచయిత 1922లో ‘అనార్కలి’ యను నాటకమును రచించెను. అక్బరు చక్రవర్తి కుమారుడగు సలీము అంతఃపుర నర్తకియైన అనార్కలిని ప్రేమించుట, తండ్రి సమ్మతింపకుండుట, కొడుకు తండ్రిపై కత్తి దూయుట, తుదకు ఆ దీనురాలిని గోడలో సజీవముగా సమాధి చేయుట, ఇది లోకమున వ్యాపించిన కథ. మూగచిత్రముల కాలముననే, 1928లో, ఇంపీరియల్ సంస్థవారు దీనిని తెరకెక్కించిరి. మాటలు వచ్చిన పిదప 1935లో మఱల తీసిరి. ఆ రెండింటను అనార్కలిగా నటించిన సులోచన, 1953లో వచ్చిన మఱియొక ‘అనార్కలి’ చిత్రమున సలీము తల్లి పాత్రను ధరించినది. ఒక నటి యౌవనము గడచి తల్లి వేషములకు వచ్చునంతటి కాలము ఆ కథ మాత్రము వన్నె తగ్గక నిలిచినదన్నమాట.

ఇందు చరిత్ర యెంత, కల్పన యెంత యని చదువరులు విచారింపవలసియున్నది. అక్బరు ఆస్థాన చరిత్రకారుడైన అబుల్ ఫజల్ రచించిన ‘అక్బరునామా’లో అనార్కలి పేరు లేదు. సలీము జహంగీరను పేర సింహాసన మెక్కిన పిదప తానే వ్రాసికొనిన స్వీయచరిత్రలోను లేదు. పదునేడవ శతాబ్దపు తొలి సంవత్సరములలో లాహోరునకు వచ్చిన విలియం ఫించ్ అను ఆంగ్లేయ వర్తకుని వ్రాతలలో మాత్రము ఈ కథాచ్ఛాయ కానవచ్చుచున్నది. తండ్రికొడుకుల వైరము మాత్రము సత్యము. సలీము 1600 ప్రాంతమున తండ్రిపై తిరుగబడి అలహాబాదులో వేఱు కొలువు తీర్చెను. 1602లో అబుల్ ఫజలును చంపించినవాడును అతడే. 1604లో తండ్రికి లోబడెను. మఱుసటి సంవత్సరమున అక్బరు మరణించెను. ఆ కలహము సింహాసనము కొఱకు జరిగినది. జనులు దానిని ప్రేమ కొఱకు జరిగినదిగా మార్చుకొనిరి. లాహోరులో అనార్కలి సమాధిగా చూపబడు కట్టడ మొకటి కలదు. అది ఆంగ్లేయుల కాలమున కొంతకాలము క్రైస్తవ ప్రార్థనాలయముగ నుండి, పిదప ప్రభుత్వ లిఖితపత్రముల భాండాగారమైనది. చరిత్ర గ్రంథములలో చోటు దొరకని స్త్రీ పేర చరిత్ర పత్రములనే భద్రపఱచు భవనము వెలసియుండుట విచిత్రము గదా!

తాజ్ రచించిన ఈ నాటకము కె. ఆసిఫ్ అను యువకుని మనస్సు నాకర్షించెను. ఆసిఫ్ ఉత్తరప్రదేశమందలి ఎటావాలో 1922లో జన్మించెను. నాటకము వెలువడిన యేడే దానిని తెరపై వెలయింపవలసినవాడును జన్మించుట యొక వింత. అతడు 1945లో ‘ఫూల్’ అను చిత్రమునకు దర్శకత్వము వహించెను. అప్పటికే ‘మొఘల్-ఎ-ఆజం’ సంకల్పము అతని హృదయమున వేరుదన్ని యుండెను. షిరాజ్ అలీ హకీం అను నిర్మాత ధనమిచ్చుటకు ముందునకు వచ్చెను. అక్బరు పాత్రకు చంద్రమోహన్, సలీము పాత్రకు సప్రూ, అనార్కలి పాత్రకు నర్గీస్ నిర్ణయింపబడిరి. 1946లో బాంబే టాకీస్ స్టూడియోలో చిత్రీకరణము ఆరంభమైనది.

మఱుసటి సంవత్సరమే దేశవిభజన జరిగినది. షిరాజ్ అలీ హకీం పాకిస్తానమునకు తరలిపోయెను. ధనమిచ్చువాడు లేక పని నిలిచిపోయినది. తీక్ష్ణమైన చూపులకు, గంభీరమైన వాక్కుకు ప్రసిద్ధుడైన చంద్రమోహన్ 1949లో మరణించెను. తీసిన భాగమంతయు నిరుపయోగమైనది. నిర్మాత పరదేశమున, నాయకపాత్రధారి పరలోకమున! ఇట్టి స్థితిలో ఎవరైనను ఆ కథను విడిచి, మఱియొక చిన్న చిత్రమును తీసి, బ్రదుకుతెరువు చూచుకొనియుందురు. ఆసిఫ్ అట్లు చేయలేదు. అతనికి ధనము లేదు, గొప్ప విజయమును సాధించినాడను కీర్తియు లేదు. ఉన్నది పట్టుదల యొక్కటే.

హకీం దేశమును విడువకముందు ఒకరి పేరు ఆసిఫునకు చెప్పియుండెనందురు. ఆయన బొంబాయి నగరమున గొప్ప గొప్ప భవనములను నిర్మించిన పార్శీ ప్రముఖుడు షాపూర్జీ పల్లోంజీ. చలనచిత్ర వ్యాపారమున ఆయనకు అనుభవ మేమియు లేదు. అక్బరు చక్రవర్తి చరిత్రపై మాత్రము మక్కువ మెండు. ఆ మక్కువచేతనే 1950 ప్రాంతమున ధనమిచ్చుట కంగీకరించెను. ఇల్లు కట్టించువానికి పునాది యెంతలోతు, గోడ యెంతయెత్తు, వ్యయమెంత యని ముందే తెలియును. ఈ కట్టడమునకు మాత్రము కొలత లేదని ఆయనకు నాడు తెలిసియుండదు.

పాత్రధారులందఱును మారిరి. అక్బరుగా పృథ్వీరాజ్ కపూర్, సలీముగా దిలీప్ కుమార్, అనార్కలిగా మధుబాల, మహారాణి జోధాబాయిగా దుర్గా ఖోటే నియమింపబడిరి. అమాన్, వజాహత్ మీర్జా, కమాల్ అమ్రోహీ, ఎహసాన్ రిజ్వీ అను నలువురు రచయితలు సంభాషణలను కూర్చిరి. ఛాయాగ్రహణమునకు ఆర్. డి. మాథుర్, కళకు ఎం. కె. సయ్యద్, సంగీతమునకు నౌషాద్, గేయరచనకు షకీల్ బదాయూనీ. ఇందఱును కుదిరి పని సాగుచుండగా మఱియొక ఆపద వచ్చినది. ఫిల్మిస్తాన్ సంస్థవారు అదే కథను శీఘ్రముగ తీసి 1953లో విడుదల చేసిరి. బీనారాయ్, ప్రదీప్ కుమార్ నటించిన ఆ ‘అనార్కలి’ మిక్కిలి జనాదరణ పొందినది. 1955లో తెలుగుననే ‘అనార్కలి’ వెలువడినది. వేదాంతం రాఘవయ్యగారు దర్శకులు, ఆదినారాయణరావుగారు సంగీతదర్శకులు, అంజలీదేవిగారు అనార్కలి, నాగేశ్వరరావుగారు సలీము, రంగారావుగారు అక్బరు. తెలుగు పల్లెల ప్రజలు టూరింగు టాకీసుల నేలపై కూర్చుండి ఆ కథను చూచి కన్నీరు విడిచి యిండ్లకు చేరిన నాటికి, బొంబాయిలో ఆసిఫ్ ఇంకను సెట్టింగులను కట్టించుచునే యుండెను. సంతలో సరకంతయు అమ్ముడైన పిదప అదే సరకును పదిరెట్లు వెలకు తెచ్చువానిని లోకము వెఱ్ఱివాడందురు. ఆసిఫునకును ఆ బిరుదు తప్పలేదు.

ఇక ఆ పనితనమును గూర్చి కొంత వివరముగ చెప్పవలసియున్నది. ఆసిఫునకు కంటికి కనబడు వస్తువేదియు అనుకరణముగ నుండరాదని నియమము. దుస్తులు కుట్టుటకు ఢిల్లీ దర్జీలను, జరీపనికి సూరతు పనివారిని, కిరీటములు చేయుటకు కొల్హాపురము పనివారిని, కవచములు, ఖడ్గములు చేయుటకు రాజస్థానపు కమ్మరులను, పాదరక్షలకు ఆగ్రా పనివారిని నియమించెను. నగలు చేసినవారు హైదరాబాదు స్వర్ణకారులు. చార్మినారు నీడలో ముత్యములు గ్రుచ్చు, రాళ్లు పొదుగు విద్యను తరతరములుగ సాధించిన చేతులు ఆ చిత్రమున మధుబాల కంఠమున, మహారాణి శిరస్సున మెఱయుచున్నవి. చిత్రము మొదట వచ్చు పేర్ల వరుసలో ఆ పనివారి పేర్లను వెదకువారు లేరు. కాని వారి పని నేటికిని తెరపై సాక్ష్యము చెప్పుచునే యున్నది. పల్లెటూరి కమ్మరియైనను, నగరపు స్వర్ణకారుడైనను, తాను చేసిన వస్తువు తన పేరు కన్న ఎక్కువకాలము నిలుచునని యెఱిగియే పనిచేయును.

అన్నింటను ప్రసిద్ధమైనది అద్దాల మేడ. చక్రవర్తి యెదుట అనార్కలి నిర్భయముగ తన ప్రేమను ప్రకటించుచు నాట్యమాడు ఘట్టము కొఱకు దానిని మోహన్ స్టూడియోలో నిర్మించిరి. పొడవు 150 అడుగులు, వెడల్పు 80 అడుగులు, ఎత్తు 35 అడుగులు. బెల్జియము నుండి తెప్పించిన అద్దములను ఫిరోజాబాదు పనివారు చిన్న చిన్న ముక్కలుగ కోసి, రంగులద్ది పొదిగిరి. నిర్మాణమునకు రెండు సంవత్సరములు పట్టినది. 15 లక్షల రూపాయలు వ్యయమైనవి. ఆ దినములలో ఒక సాధారణ చిత్రము మొత్తము తీయుటకు అంత ధనము కానక్కఱలేదు. దీనికి మాతృక లాహోరు కోటలోని అద్దాల మహలు. ఆ మహలును కట్టించినవాడు అక్బరు మనుమడు షాజహాను. కట్టినది అక్బరు గతించిన పావు శతాబ్దమునకు పిదప. కావున అనార్కలి ఆ మేడలో నాట్యమాడెననుట రెండు విధముల అసంభవము. చరిత్ర చదివినవారు ఈ మాటను గుర్తుంచుకొని, చిత్రమును చిత్రముగ చూచి ఆనందింపవచ్చును.

మేడ సిద్ధమైనది, అసలు చిక్కు అప్పుడు మొదలైనది. దీపములు వెలిగింపగానే వేలకొలది అద్దములు ఆ కాంతిని తిప్పికొట్టినవి. కెమెరా కంటికి మెఱుపే గాని మనిషి కనబడలేదు. విదేశములనుండి వచ్చి చూచిన నిపుణులు ఇందు చిత్రీకరణము సాధ్యము కాదని, ఆ యాలోచన విడుచుట మేలని చెప్పిరట. 15 లక్షల రూపాయలు గోడలకు అతుక్కొనియున్నవి. పనికిరావను మాట నిర్మాత చెవిని బడినది. ధనమిచ్చినవారికి దివాలా భయము పట్టుకొన్నది. దర్శకుని మార్చవలెనను తలంపు కూడ ఒక దశలో వచ్చెనందురు. ఆసిఫ్ దీపములు పట్టు పనివారితో కూడ ఆ సెట్టింగులోనే యుండిపోయి ఉపాయములు వెదకెను. తుదకు అద్దములపై పలుచగా మైనము పూసి వాని తళుకును తగ్గించిరి. మాథుర్ దీపములను నేరుగా చూపక, గుడ్డలపై పడి మరలిన మెత్తని వెలుగుతో చిత్రమును తీసెను. ఎండను కిటికీకి కట్టిన పంచె ఎట్లు చల్లబఱచునో పల్లెలవారికి తెలియనిది కాదు. విదేశీ నిపుణులకు తోచని యుపాయము మైనపు ముద్దలోను గుడ్డ పేలికలోను దాగియున్నది. ఒకే నర్తకి రూపము పైకప్పున వందలుగ ప్రతిఫలించి, చక్రవర్తి ఎటు తల త్రిప్పినను ఆమెయే కనబడు ఆ దృశ్యము భారతీయ చలనచిత్ర చరిత్రలో నిలిచిపోయినది.

సంగీతమునందును ఇదే తీరు. నౌషాద్ ఇరువది పాటల వఱకు సిద్ధము చేయగా, చిత్రము నిడివి పెరుగుటచేత కొన్నింటిని విడువవలసివచ్చినది. తాన్‌సేనుని గానముగ వినిపింపవలసిన చోట హిందూస్థానీ సంగీత విద్వాంసుడైన బడే గులాం అలీఖాను పాడవలెనని ఆసిఫ్ పట్టుబట్టెను. చిత్రములకు పాడుట ఖానుగారికి సమ్మతము కాదు. ఈ బాధను తప్పించుకొనుటకై ఆయన పాటకు 25,000 రూపాయలు అడిగిరట. ప్రసిద్ధ నేపథ్యగాయకులు సైతము కొన్ని వందలు మాత్రమే పుచ్చుకొను దినములవి. బేరమాడునని తలంచిన ఖానుగారికి ఆసిఫ్ వెంటనే సరేయని బదులు చెప్పెనట. కాదనుటకు వేసిన అడ్డుకట్టయే దారియైనది!

యుద్ధ ఘట్టమునకు 2,000 ఒంటెలు, అనేక గుఱ్ఱములు, 8,000 మంది సైనికులు వినియోగింపబడినట్లు లెక్కలు చెప్పుచున్నవి. రక్షణశాఖవారి అనుమతిపై భారత సైన్యమునుండియే అనేకులు వచ్చిరి. రాజస్థానపు ఇసుక నేలలలో, మండుటెండలో, లోహ కవచములు ధరించి వారు పడిన ప్రయాస సామాన్యము కాదు. సంతానము కొఱకు చక్రవర్తి పాదచారియై పుణ్యక్షేత్రమునకు నడచు దృశ్యమును తీయునపుడు పృథ్వీరాజ్ కపూర్ పాదరక్షలు లేకయే కాలుచున్న ఇసుకపై నడచెననియు, అది చూచి దర్శకుడును తన పాదరక్షలను విడిచెననియు చెప్పుదురు.

ఈ వృత్తాంతమున మిక్కిలి శోచనీయమైన భాగము మధుబాలది. ఆమెకు పుట్టుకతోనే హృదయమున రంధ్ర ముండెను. నాటికి దానిని నయముచేయు శస్త్రచికిత్స ఈ దేశమున అందుబాటులో లేదు. చిత్రము తీయుచుండగా ఆమె పలుమాఱులు స్పృహదప్పెను. చెఱసాల దృశ్యములలో ఆమె ధరించిన సంకెలలు అట్టవి కావు, ఇనుపవి. వాని బరువునకు ఒడలు ఒఱసికొనిపోయినను ఆమె పనిని విడువలేదు. అదిగాక ఆమెకును దిలీప్ కుమారునకును మనస్పర్ధలు కలిగి, 1957లో మఱియొక చిత్రమును గూర్చిన వ్యాజ్యము న్యాయస్థానమున విచారణకు వచ్చినప్పుడు వారిరువురు ఎదురెదురు పక్షములలో నుండిరి. బయట మాటలు లేనివారు తెరపై అనురాగ దృశ్యములను నటింపవలసివచ్చెను. ప్రేక్షకులు ఆ కన్నులలో ప్రేమను జూచిరి. అందలి బాధలో నటన యెంతయో, నిజమెంతయో ఆమెకే తెలియును. 1969లో, 36 సంవత్సరముల వయస్సున, ఆమె మరణించినది.

ఆసిఫ్ ఆశకు అంతులేదు. చిత్రమును హిందీ, తమిళము, ఆంగ్లము అను మూడు భాషలలో వెలువరింపవలెనని తలచి, దృశ్యములను మూడేసి మాఱులు తీసిరి. చిత్రీకరణము జరిగిన దినములు 500 అని చెప్పుదురు. ఆనాటి సాధారణ చిత్రమునకు ఇందు నాలుగవ వంతు దినములే ఎక్కువ. ఇంతలో రంగుల చిత్రములు వచ్చినవి. అద్దాల మేడ దృశ్యమును, చివరి భాగమున కొన్ని రీళ్లను రంగులలో తీసిరి. రంగులను చూచిన పిదప ఆసిఫునకు తృప్తి చాలక, చిత్రమంతయు మొదటినుండి రంగులలో తీయవలెననెను. ఏండ్ల తరబడి ఎదురుచూచుచున్న పంపిణీదారుల సహనము అంతటితో నశించినది. వారు ససేమిరా ఒప్పుకొనలేదు. కావుననే ఆ చిత్రమున చాలభాగము నలుపు తెలుపులలోను, కొంతభాగము రంగులలోను నిలిచినది. తమిళమున ‘అక్బర్’ అను పేర 1961లో విడుదలయై పరాజయము పొందినది. ఆంగ్ల చిత్రము వెలుగు చూడలేదు. మూడు మాఱులు పడిన శ్రమలో రెండుపాళ్లు నీటిపాలైనట్లే.

తుదకు 1960 ఆగస్టు 5వ తేదీన, బొంబాయిలోని మరాఠా మందిర్ థియేటరున ప్రథమ ప్రదర్శనము జరిగినది. చిత్రపు రీళ్లను అలంకరించిన ఏనుగుపై ఊరేగించి తెచ్చిరి. దేశమందు 150 థియేటరులలో ఒకేమాఱు విడుదలయైనది. టిక్కెట్ల కొఱకు జనులు నాలుగైదు దినములు బారులు తీరి నిలుచుండగా, ఇండ్లనుండి వారికి అన్నము తెచ్చి పెట్టిరట. మొత్తము వ్యయము కోటి రూపాయలకు పైబడి కోటిన్నర వఱకు చెప్పబడుచున్నది. రాబడి దానికి ఎన్నియో రెట్లు వచ్చి, 1975లో ‘షోలే’ వచ్చువఱకు దేశమున అత్యధికముగ ధనము గడించిన చిత్రమను కీర్తి దీనిదే. మరాఠా మందిరున మూడు సంవత్సరములు ఆడినది. ఆ సంవత్సరపు ఉత్తమ హిందీ చిత్రముగ జాతీయ బహుమానమును పొందినది. ఆసిఫ్ కోరిన రంగులు కూడ ఆలస్యముగనైనను వచ్చినవి. 2004 నవంబరు 12వ తేదీన యంత్రసహాయముచేత చిత్రమంతయు రంగులద్దబడి మఱల విడుదలయైనది. ఆసిఫ్ అప్పటికి గతించి 33 సంవత్సరములైనది. సంగీతమును మఱల సరిచేయుటను పర్యవేక్షించిన వృద్ధుడు మాత్రము నాటి నౌషాదే.

ఈ కథకు నీతి యేమి? పట్టుదల యున్న విజయము తథ్యమని చెప్పి ముగించుట సులభము. కాని అది సంపూర్ణ సత్యము కాదు. ‘మొఘల్-ఎ-ఆజం’ పిదప ఆసిఫ్ లైలా మజ్నూల కథను ‘లవ్ అండ్ గాడ్’ అను పేర 1963లో ఆరంభించెను. 1964లో నాయకుడు గురుదత్తు మరణించెను. సంజీవ్ కుమారుతో మఱల మొదలుపెట్టగా, 1971లో ఆసిఫే 48వ యేట మరణించెను. అసంపూర్ణమైన ఆ చిత్రము 1986లో విడుదలయై విస్మృతిలో కలసిపోయినది. మనిషి అతడే, పట్టుదల అదే, ఫలము వేఱు. తెలుగునాట గూడవల్లి రామబ్రహ్మముగారు ‘పల్నాటియుద్ధము’ను ఆరంభించి, అది పూర్తికాకయే 1946లో కన్నుమూసిరి. ఎల్. వి. ప్రసాదుగారు దానిని ముగింపగా 1947లో విడుదలయైనది. మహాకార్యములు తలపెట్టినవాని ఆయుర్దాయమును కాలము ముందుగ అడిగి తెలిసికొనదు.

కావున విజయమును బట్టి కాక పనిని బట్టి విమర్శించుట న్యాయము. ఆసిఫ్ ధనమును నీళ్లవలె వెచ్చించెననుట నిజము. ఆ ధనము అతనిది కాదనుటయు నిజమే. అతని పట్టుదలకు మూల్యము చెల్లించినవారిలో షాపూర్జీ యున్నాడు, ఏండ్ల తరబడి కాల్షీట్లు కాచుకొనియున్న పనివారున్నారు, ఇనుప సంకెలలు మోసిన మధుబాల యున్నది. చిత్రము పరాజయము పొందియున్నచో లోకము అతనిని క్షమించెడిది కాదు. అయినను ఒక మాట అతని పక్షమున చెప్పవలెను. వెచ్చించిన ధనములో అతడు తనకొఱకు మిగుల్చుకొన్నది లేదు. కోటి రూపాయల చిత్రమును తీసినవాడు అద్దె యింట నివసించి, టాక్సీలలో తిరిగెనని ప్రతీతి. ధనమంతయు తెరపైననే కనబడుచున్నది. ఒకరి ధనమును చేతబట్టినవానికి ఇంతకు మించిన పరీక్ష లేదు: అది యెచ్చటికి పోయినదో పదిమందికి కనబడుచున్నదా, లేదా? సంస్థలను నడుపువారికి, గ్రంథాలయమునకు చందాలు పోగుచేయువారికి సైతము ఈ పరీక్ష వర్తించును.

చివరకు చిత్రనాయకుడైన అక్బరును గూర్చి ఒక మాట. తెరపై అతడు ఖడ్గధారి, కఠినుడు, న్యాయము పేర కన్నకొడుకునే దండింపజూచిన తండ్రి. చరిత్రలో అతనికి వేఱొక ముఖము కూడ కలదు. అక్బరు చదువను వ్రాయను నేర్వలేదని చరిత్రకారులు చెప్పుదురు. అయినను అతని గ్రంథాలయమున 24,000 గ్రంథములుండెనని ప్రసిద్ధి. మహాభారతమును పారసీకమునకు అనువదింపజేసి, చిత్రములతో అలంకరింపజేసెను. ప్రతిదినము గ్రంథములను చదివించుకొని వినెడివాడు. చదువరి ఎచ్చట ఆపెనో అచ్చట తన కలముతో గుర్తు పెట్టి, చదివిన పుటల లెక్కను బట్టి బహుమాన మొసగెడివాడని అబుల్ ఫజల్ వ్రాసియున్నాడు. అక్షరములు రాని చక్రవర్తి పుస్తకములో పెట్టిన ఆ గుర్తు, కోటి రూపాయల చిత్రమునందలి ఏ దృశ్యమునకును తీసిపోదు. దానిని తెరపై చూపినవా రెవరును లేరు. అది గ్రంథములలోనే యున్నది.

ఈ గ్రామమున గ్రంథాలయము వెలసి ఇరువదియైదు సంవత్సరములైనది. ఇచ్చటను చదువురానివారు సాయంకాలమున అరుగుపై కూర్చుండి, చదువు వచ్చిన పిల్లలచేత పత్రికలను చదివించుకొని వినుట కలదు. వారు అక్బరు మార్గమున నడచుచున్నవారే. చిత్రమును చూచి ఆనందించిన యువకుడు మఱునాడు గ్రంథాలయమునకు వచ్చి, అందు నిజమెంతయని ఒక చరిత్ర గ్రంథమును తీసి చూచిన నాడు, చిత్రము తీసినవాని శ్రమయు, పుస్తకమును భద్రపఱచినవాని శ్రమయు రెండును ఫలించును. ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును, వజ్రోత్సవమును జరుపుకొని, తరతరముల చదువరులకు నెలవై వర్ధిల్లుగాక!

స్వస్తి.